చెంచాడు నీళ్లలో కరిగే మందు

మా మేడమ్ పోయారన్న కబురు గుడివాడలో నాకు చేరేసరికి ఉదయం తొమ్మిదిన్నర అయింది. కాలేజీ ల్యాబులో విద్యార్థుల రికార్డులు దిద్దుతున్నాను. బందరులో ఆవిడ దగ్గర ఏళ్ల తరబడి ల్యాబ్ అటెండరుగా పనిచేసిన పెద్దాయన ఫోను చేశారు. "అమ్మా, మేడమ్ గారు తెల్లవారుజామున వెళ్లిపోయారు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తీసుకెళ్తారట. చివరిచూపు చూడాలంటే తొందరగా బయల్దేరండి" అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఫోను పెట్టేశాక నేను చేతిలో ఉన్న రికార్డు చివరిదాకా చదివి, సంతకం చేసి, తేదీ వేసి, అప్పుడు లేచాను. చదవకుండా సంతకం పెట్టేవాళ్లంటే ఆవిడకు గిట్టదు.

పామర్రు మీదుగా వెళ్లే బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆవిడ పేరును నేనెప్పుడూ నోటితో పలకలేదని దారిలో గుర్తొచ్చింది. మా అందరికీ ఆవిడ మేడమ్. బందరులో మెడికల్ షాపుల వాళ్లకు మందుల మేడమ్. ఇంట్లో చెల్లెలికి ఆపా. ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు కూడా పేరు రాయాలనిపించలేదు. మేడమ్ అనే రాస్తాను.

ఇంగ్లీషుపాలెంలో వాళ్ల ఇల్లు చిన్నది. ముందు గదిలో చాపల మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తెల్లటి గుడ్డలో చుట్టి మేడమ్‌ను పడుకోబెట్టారు, ముఖం మాత్రం కనిపిస్తోంది. కళ్లజోడు లేకుండా ఆవిడను చూడటం నాకు అదే మొదటిసారి. ముక్కుకు రెండు వైపులా కళ్లజోడు నొక్కిన గుర్తులు అలాగే ఉన్నాయి. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

మీలో చాలామంది ఆవిడ గురించి విని ఉండరు. పేపర్లలో రాలేదు, పెద్ద అవార్డులేవీ రాలేదు. మా విశ్వవిద్యాలయానికి చెందిన ఫార్మసీ కాలేజీలో బిళ్లలు, సిరప్పులు ఎలా తయారు చేయాలో నేర్పే ప్రొఫెసర్‌గా పనిచేసి రిటైరయ్యారు, అంతే. వాళ్ల నాన్నగారు పూర్వం బందరులో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. ఆ రోజుల్లో మందునీళ్లు సీసాలో పోసి ఇచ్చేవారు. కాగితం పట్టీని అంచు వెంట గాట్లు పెట్టి కత్తిరించి సీసాకు అంటించేవారు. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా ఒక మోతాదు. చిన్నప్పుడు ఆ పట్టీలు కత్తిరించే పని మేడమ్‌దే. "చదువు రాని మనిషికి కూడా తప్పు పోకుండా మందు అందించడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. మిగతాది యూనివర్సిటీలో నేర్చుకున్నాను. మొదటిదే కష్టం" అనేవారు.

నేను ఎం.ఫార్మసీలో చేరిన మొదటి వారం ఆవిడ పాఠం చెప్పలేదు. మమ్మల్నందరినీ ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర ఒక పూటంతా నిలబడి రమ్మన్నారు. మందుల పేర్లు రాసుకోకూడదని షరతు. "ఈ మందు లేదు, బయట కొనుక్కోండి అని లోపలి నుంచి చెప్పినప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడో చూసి రాసుకురండి" అన్నారు. ఇదేం పరిశోధన అని మాలో కొందరం నవ్వుకున్నాం. నేను ఒక ముసలాయన గురించి రాసుకొచ్చాను. ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా మందుల షాపు ఉంది. ఆ వైపు చూడనైనా చూడకుండా బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు. మేడమ్ దాన్ని క్లాసులో పైకి చదివారు. చదివి, కాగితం బల్ల మీద పెట్టి, "ఈ రోజుకు ఇంతకంటే నేను చెప్పగలిగిన పాఠం లేదు" అని వెళ్లిపోయారు.

ఆవిడ అలవాట్లు కొన్ని మాకు వింతగా ఉండేవి. చక్కెర లేని టీ తాగేవారు. బిళ్లల చేదును నాలుకతో పట్టుకోవాలంటే తీపికి అలవాటు పడకూడదట. ఎవరింటికి వెళ్లినా వాళ్ల మందుల డబ్బా అడిగి తీయించి, ఒక్కో స్ట్రిప్పూ వెలుతురులో పెట్టి తేదీలు చదివేవారు. పెళ్లికి వెళ్లి పెళ్లికూతురి తాతగారి బీపీ బిళ్లలు పరీక్షించారని కాలేజీలో ఒక కథ ఉండేది. అది కథ కాదని, నిజమేనని ఆవిడే ఒకసారి ఒప్పుకున్నారు.

ఎం.ఫార్మసీ అయ్యాక ఆవిడ దగ్గరే పీహెచ్‌డీలో చేరాను. పరిశోధనకు నేను ఎంచుకున్న విషయం వేరు. బిళ్లల మీద వేసే ఒక కొత్త రకం పూత గురించి పని చేయాలని, పెద్ద పత్రికలో వ్యాసం వేయించుకోవాలని నా కోరిక. మేడమ్ వద్దనలేదు. "ముందు ఒకసారి నాతో ఆసుపత్రికి రా" అన్నారు. ఆ రోజు పిల్లల విభాగం వరండాలో ఒకామె కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుని ఉంది. నాగాయలంక దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లె నుంచి తెల్లారకుండానే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చారు. పాపకు ఐదేళ్లు. మూర్ఛ. మందు వాడుతున్నా ఫిట్స్ ఆగడం లేదు. మందు ఎలా ఇస్తున్నావని మేడమ్ అడిగారు.

"నాలుగు ముక్కలు చేసి పూటకో ముక్క ఎయ్యమన్నారండి. చేత్తో ఇరగట్లేదు. మా అత్త అడకత్తెరుంటే దాంతో కోత్తన్నాను" అంది ఆమె.

మేడమ్ వాళ్లిద్దరినీ ఆటోలో ఎక్కించి మా ల్యాబుకు తీసుకొచ్చారు. తెల్లకాగితం పరిచి, మా అటెండరు గారి అడకత్తెర ఇచ్చి, ఇంట్లో కోసినట్టే కోయమన్నారు. ఆమె సిగ్గుపడుతూ, చాలా జాగ్రత్తగా కోసింది. ఆ ముక్కల్ని నేను త్రాసులో తూచాను. ఒక ముక్క ఇంకో ముక్కకు దాదాపు రెండింతలుంది. కొంత పొడై కాగితం మీదే మిగిలిపోయింది. పైగా ఉప్పుగాలికి స్ట్రిప్పులో బిళ్లలు చెమ్మగిల్లి మెత్తబడిపోతున్నాయట. పాప చేదుకు సగం ఉమ్మేస్తుందట. అంటే ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ, ఒక పూట అసలే లేదు.

నావల్లే పిల్లకు తగ్గట్లేదా అని ఆ తల్లి అడిగింది. నీ చేతిలో తప్పేం లేదమ్మా అని మేడమ్ ఆమెకు రెండుసార్లు చెప్పారు. వాళ్లను తిరిగి ఆసుపత్రికి పంపాక, పిల్లలకు సిరప్ ఉంది కదా మేడమ్ అన్నాను నేను.

"ఉంది. విజయవాడలో ఉంది. ఈవిడ ఎక్కడుంది?" అన్నారు ఆవిడ.

నా పూత సంగతి ఆ రోజుతో పోయింది.

మేము చేయాలనుకున్నది చెప్పుకోవడానికి చాలా చిన్నది. కొత్త మందు కనిపెట్టడం కాదు. ఉన్న మందునే పిల్లలకు సరిపడే మోతాదులో, చెంచాడు నీళ్లలో వేస్తే కరిగిపోయే బిళ్లగా, చేదు తెలియకుండా, దివిసీమ ఉప్పుగాలికి పాడవకుండా, మామూలు స్ట్రిప్పులో ఇమిడేలా చేయాలి. ఖరీదైన పదార్థాలు వాడితే చెంచాలో అద్భుతంగా కరిగేది గానీ బిళ్ల ధర కొండెక్కేది. అందుకని మేడమ్ బియ్యపు పిండి పట్టుకున్నారు. మొవ్వ వైపు ఒక మిల్లు నుంచి నూకలు తెప్పించి, వాటి పిండిని కడిగి, శుద్ధి చేసి, పొడిగా ఆరబెట్టి వాడాం. మొదటి వానాకాలం మా బిళ్లలన్నీ స్ట్రిప్పుల్లో ఉబ్బి రేకుకు అతుక్కుపోయాయి. నేను ఏడ్చినంత పని చేశాను. ఆవిడ ఒక బిళ్లను గోటితో గీకి చూసి, "దీనికి మన ఊరి వాన తెలిసింది. ఇప్పుడు మనకు దీని సంగతి తెలియాలి" అన్నారు.

బిళ్లలు తేమకు ఆగుతాయో లేదో చూసే యంత్రం ల్యాబులో ఒకటి ఉండేది గానీ, దాని మాట ఒక్కటే నమ్మేవారు కాదు. మందు కలపని ఖాళీ బిళ్లల స్ట్రిప్పులు నాగాయలంక, అవనిగడ్డల్లో కొన్ని ఇళ్లలో వంటింటి అలమారల్లో పెట్టించాం. నెలకోసారి నేను బందరులో బస్సెక్కి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి నాగాయలంక వెళ్లి ఒక్కో ఇంట్లో ఒక్కో స్ట్రిప్పు తీసుకొచ్చేదాన్ని. మేడమ్ కుదిరినప్పుడల్లా వచ్చేవారు. ఎండలో రొయ్యల చెరువుల గట్ల మీద నడుస్తూ ఒకసారి అన్నారు, "జబ్బుకు బస్సు అక్కర్లేదమ్మాయ్. అది ఎక్కడికైనా వెళ్తుంది. మందుకే బస్సు కావాలి" అని.

చేదు తగ్గిందో లేదో చూడటానికి మేమే నోట్లో వేసుకుని, చప్పరించి, ఉమ్మేసి, సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేసేవాళ్లం. ముందు నీళ్లు పుక్కిలించాలి, పది నిమిషాలు ఆగాలి, అప్పుడు ఆవిడ బందరు హల్వా ముక్క ఇచ్చేవారు. తను మాత్రం తినేవారు కాదు.

మూడేళ్లు పట్టింది. మూడో వానాకాలంలో కూడా బిళ్లలు గట్టిగా ఉన్నాయి, చెంచాలో వెంటనే కరిగాయి. తర్వాత వైద్య కళాశాల డాక్టర్లు అనుమతులన్నీ తీసుకుని, తల్లిదండ్రులకు వివరంగా చెప్పి, కొందరు పిల్లలకు ఇచ్చి చూశారు. ఆ పాప కూడా అందులో ఉంది. ఆ నెలల్లో ఆమెకు ఫిట్స్ రాలేదు. పరీక్ష గడువు అయిపోగానే ల్యాబులో చేసిన బిళ్లలు ఇవ్వడం ఆపేయాలి, అది నియమం. ఆ తల్లి మళ్లీ అడకత్తెర తీసింది.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్లు వచ్చారు. మా పని వాళ్లకు నచ్చింది. తయారీ హక్కులన్నీ తమ ఒక్కరికే రాసివ్వాలన్నారు. విశ్వవిద్యాలయానికి మంచి మొత్తం వస్తుంది. నాకు వాళ్ల పరిశోధన విభాగంలో ఉద్యోగం. మా నాన్నగారు గుడివాడలో కోర్టు టైపిస్టు. ఆ ఏడాదే రిటైరవుతున్నారు. తమ్ముడి చదువు సగంలో ఉంది. ఆ ఉద్యోగం గురించి ఇంట్లో చెప్పిన రోజు మా అమ్మ వీధిలో అందరికీ చెప్పేసింది.

మేడమ్ ఒప్పుకోలేదు. హక్కు ఒక్కరికే ఇవ్వకూడదన్నారు. ఎవరు తయారు చేసినా ప్రభుత్వాసుపత్రులకు తయారీ ఖర్చు మీద కాస్త మాత్రమే కలుపుకుని ఇవ్వాలని, లాభం లేదని సరఫరా ఆపకూడదని ఒప్పందంలో రాయాలన్నారు. కంపెనీ తరఫున వచ్చినాయన మర్యాదస్తుడు. అలాంటి షరతుతో ఎవరూ పెట్టుబడి పెట్టరండీ అని నెమ్మదిగానే చెప్పాడు.

విశ్వవిద్యాలయంలో సమావేశం పెట్టారు. పేటెంటు పత్రాల్లో నా పేరు కూడా ఉంది కాబట్టి నన్నూ పిలిచారు. కమిటీలోని పెద్దలు చెడ్డవాళ్లు కాదు. ల్యాబుకు యంత్రాలు కావాలి, హాస్టలుకు మరమ్మతులు కావాలి, వాళ్ల ఇబ్బందులు వాళ్లకున్నాయి. మీ అభిప్రాయం ఏమిటమ్మా అని నన్ను అడిగారు.

నేను చెప్పాను. కంపెనీ అడిగినట్టే ఇచ్చేస్తే మందు తొందరగా బయటికి వస్తుందని, పట్టుపడితే ఎప్పటికీ రాకపోవచ్చని చెప్పాను. అందులో కొంత నిజముంది. నా ఉద్యోగం మాట ఎత్తలేదు. మేడమ్ నా పక్క కుర్చీలోనే ఉన్నారు. నా వైపు తిరగలేదు. తర్వాత ఆవిడ వంతు వచ్చింది.

"ఈ పనికి మూడేళ్లు కరెంటు ఎవరిచ్చారండీ? ఈ గదులు ఎవరు కట్టించారు? నాకు జీతం ఎవరిచ్చారు? నాగాయలంకలో అగ్గిపెట్టె కొనుక్కున్న మనిషి కూడా దీనికి పన్ను కట్టాడు. మనం కంపెనీ అయితే ఎవరికి అమ్ముకున్నా అడిగేవాళ్లు లేరు. మనం విశ్వవిద్యాలయం. ఆ మనిషి కట్టించిన గదిలో తయారైన మందు ఆ మనిషి బిడ్డకు అందకపోతే, మనం ఇక్కడ ఎందుకున్నాం?" అన్నారు. గొంతు పెంచలేదు. పాఠం చెప్పినట్టే చెప్పి కూర్చున్నారు.

నిర్ణయం వాయిదా పడింది. కంపెనీ కొన్నాళ్లు ఎదురుచూసి వెళ్లిపోయింది. నా ఉద్యోగం కూడా పోయింది. సమావేశం నుంచి బయటికొచ్చాక ఆవిడ నాతో, "నీ మాట నువ్వు చెప్పావు. మంచిదే. పద, టీ తాగుదాం" అన్నారు. నేను తలనొప్పిగా ఉందని చెప్పి రైల్వే స్టేషనుకు వెళ్లిపోయాను. పాసింజరులో గుడివాడ దాకా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆవిడకేం, ఆదర్శాలు చెప్పుకోవచ్చు, నెల తిరిగేసరికి జీతం వస్తుంది అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అనుకున్నాను.

పీహెచ్‌డీ చేతికి రాగానే హైదరాబాదులో ఇంకో కంపెనీలో చేరాను. రెండేళ్లకు పైగా ఆవిడకు ఫోను చేయలేదు. ఈద్‌కు శుభాకాంక్షలు కూడా పంపలేదు. ఆవిడ కూడా చేయలేదు. కోపంతో కాదని, నాకు ఇబ్బంది కలగకూడదని చేయలేదని చాలాకాలం తర్వాత చెల్లెలు చెప్పింది.

ఒక రోజు ఆఫీసు చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల ఒప్పంద పత్రాలు. విజయవాడ దగ్గర బిళ్లలు తయారు చేసే ఒక చిన్న సంస్థ మేడమ్ షరతులకు ఒప్పుకుంది. అంతకు ముందు ఆవిడ ఎంతమందికి ఉత్తరాలు రాశారో, ఎన్ని గుమ్మాలు ఎక్కారో అటెండరు గారు చెబితే తర్వాత తెలిసింది. విశ్వవిద్యాలయం కూడా ఒప్పుకుంది. అంతే కాదు, ఇక మీదట ఇక్కడి పరిశోధనతో ఏ మందు తయారైనా పేదల ఆసుపత్రులకు అందుబాటు ధరలో ఇవ్వాలన్న మాటను ఒప్పందాల నమూనాలో చేర్చింది. పత్రాల్లో నా పేరు మొదట ఉంది, ఆవిడ పేరు రెండోది. నా సంతకం లేకుండా ముందుకు జరగదు. మేడమ్ చేతిరాతతో ఒక చీటీ: "చదివి, నీకు సరి అనిపిస్తేనే సంతకం పెట్టు."

పోస్టులో పంపించేయవచ్చు. పంపలేకపోయాను. శనివారం బస్సెక్కి బందరు వెళ్లాను. ల్యాబులో ఆవిడ ఒక్కరే ఉన్నారు, నన్ను చూసి తిన్నావా అని అడిగారు. నేను నిలబడే మొత్తం చెప్పేశాను. సమావేశంలో ఉద్యోగం కోసమే అలా మాట్లాడానని, దాన్ని పిల్లల పేరుతో కప్పిపెట్టానని చెప్పాను. ఆవిడ విని, స్టూలు నా వైపు జరిపారు.

"నీకు ఉద్యోగం కావాలి. ఆ పాపకు మందు కావాలి. రెండూ న్యాయమే. నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుందని నాకు తెలుసు. ఆ పాపకు ఇంకో మందు దొరకదు. అందుకని నీకు అన్యాయం చేశాను. నా మీద కోపం రావడంలో తప్పులేదు" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన విషయం ఆవిడ గురించి రాసేటప్పుడు దాచకూడదు. మందు ఆగిపోయిన ఆ కాలంలో పాపకు పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చింది. కుడి మోచెయ్యి కాలింది. మేడమ్ వెళ్లి చూసొచ్చారు. "తొందరగా వస్తుందని నువ్వన్న మాట అబద్ధం కాదు. ఒప్పుకుని ఉంటే ఆ ఏడాదికే మందు వచ్చేదేమో. ఖరీదుగా వచ్చేది, అయినా ఎవరో ఒకరు ఆ పిల్లకు కొనిపెట్టేవారేమో. ఆ మచ్చలో నా వంతు ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందని ఎవరికీ చెప్పను కూడా" అన్నారు. అన్నాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగారు. నేను పత్రాలు చివరిదాకా చదివి సంతకం పెట్టాను.

మరో వానాకాలం వచ్చేలోపు మా బిళ్లలు జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేరాయి. తర్వాత ఇంకో తయారీదారు కూడా ముందుకొచ్చాడు. మొదటి పెట్టెలు నాగాయలంక వెళ్తున్నప్పుడు మేడమ్ ఆర్టీసీ పార్సిల్ కౌంటరు దాకా వెళ్లి నిలబడి చూశారట. నేను హైదరాబాదు ఉద్యోగం మానేసి గుడివాడలో పాఠాలు చెప్పడానికి వచ్చేశాను. అది త్యాగమని ఎవరూ అనుకోవద్దు. నాకు ఆ పని నచ్చింది. మేడమ్ కూడా మంచి పని చేశావనలేదు. క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించేలా మాట్లాడు, నీ గొంతు సన్నం అన్నారు.

రిటైరయ్యాక తన షుగరు మందుల కోసం ఆవిడ ప్రభుత్వాసుపత్రి క్యూలోనే నిలబడేవారు. కొనుక్కోగలరు కదా, ఈ ఎండలో ఎందుకని నేనొకసారి కోప్పడ్డాను. "ఈ మందు ఎన్నాళ్లకోసారి అయిపోతోందో ఇక్కడ నిలబడితేనే తెలుస్తుంది. లేదన్నప్పుడల్లా ఒక ఉత్తరం రాస్తాను. ప్రొఫెసర్ రాసిన ఉత్తరం కాబట్టి చదువుతారు. ఆ పేరు ఇంకెందుకు పనికొస్తుంది చెప్పు" అన్నారు. చివరి నెలల్లో కాళ్లు వాచి నిలబడలేకపోయినప్పుడు చెల్లెలిని పంపేవారు. కిటికీలో ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా వచ్చి చెప్పమనేవారట. చనిపోయే ముందు రోజు కూడా ఒక ఉత్తరం సగం చెప్పి రాయించారని, ఇక అలసిపోయానని, రేపు పూర్తి చేద్దామన్నారని చెల్లెలు నాతో అంది. ఆ కాగితం చూపించింది. చివరి వాక్యంలో క్రియ లేదు.

అసర్ నమాజు వేళకు మగవాళ్లు వచ్చారు. వాళ్ల ఆచారం ప్రకారం ఆడవాళ్లం గుమ్మం దాకానే. జనాజా వీధి మలుపు తిరుగుతుంటే మోస్తున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురు మెడికల్ షాపుల వాళ్లను గుర్తుపట్టాను. ఒకప్పుడు తేదీ దాటిన స్ట్రిప్పులు తీసి పక్కన పెట్టమని వాళ్లందరితో ఆవిడ పోట్లాడేవారు. అటెండరు గారు వెనకగా, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు.

తర్వాతి ఆదివారం నేను నాగాయలంక వెళ్లాను. ఆ పాప తల్లికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ముందు అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఆగి నర్సమ్మను ఇల్లు ఎక్కడని అడిగాను. మందులిచ్చే బల్ల దగ్గర ఎవరో ఒకామె, నీలం గౌను వేసుకున్న ఆరేళ్ల పిల్లతో నిలబడి ఉంది. నర్సమ్మ ఆమెకు మా బిళ్లలు రెండు స్ట్రిప్పులిచ్చింది. చెంచాలో నీళ్లు పోసి వెయ్యి, పూర్తిగా కరిగాకే తాగించు, ఒక్క పూట కూడా మానొద్దు అని చెప్పింది. తెలుసండి, ఏడాది నుంచీ ఏత్తన్నాంగా అంది ఆమె, స్ట్రిప్పులు సంచిలో పడేసుకుంటూ. నేను ఎవరినో చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

నేను వెతుకుతున్న తల్లి ఇంట్లోనే ఉంది. కబురు విని గుమ్మంలోనే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ మహాతల్లి మా ఇంట్లో ఈ పీట మీదే కూకుంది అని చూపించింది. కూతురు అవనిగడ్డలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. బిళ్ల తనే వేసుకుంటుంది. "ఇప్పుడు ఫోను చెయ్యనండి. రేపేదో పరీచ్చంట. అయ్యాక చెప్తాను" అంది ఆమె. నాకు మజ్జిగ ఇచ్చింది. బస్సు దాకా వస్తానంటే నేనే వద్దన్నాను.

బస్సుకు ఇంకా టైముంది. కృష్ణ ఒడ్డుకు నడిచాను. పొద్దు వాలుతోంది, పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. మెట్ల దగ్గర మోకాలి లోతు నీళ్లలో పిల్లలు అరుచుకుంటూ నీళ్లు చిమ్ముకుంటున్నారు. వాళ్లలో నీలం గౌను కనిపించింది. ఆరోగ్య కేంద్రంలో చూసిన పిల్లే. ఫిట్స్ వచ్చే పిల్లల్ని తల్లులు నీళ్ల దరిదాపులకు రానివ్వరు. రానిచ్చినా చూపు తిప్పుకోరు. ఈ పిల్ల తల్లి పై మెట్టు మీద కూర్చుని ఇంకొకామెతో కలిసి బుట్టలో రొయ్యలు ఏరుతోంది. ఏదో మాట చెప్పుకుని ఇద్దరూ నవ్వుతున్నారు. ఆమె వీపు నది వైపు ఉంది. నేను బస్సు హారన్ వినిపించేదాకా అక్కడే నిలబడ్డాను. అంతసేపట్లో ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.